మనది కాని కారు

పెద్దనాన్న దృష్టిలో లోకంలోని వస్తువులన్నీ లైబ్రరీ పుస్తకాలే. ముప్ఫై నాలుగేళ్ళు లైబ్రేరియన్‌గా చేసి రిటైరయ్యాడు గానీ, ఆ ఉద్యోగం మాత్రం ఆయన్ను వదల్లేదు. పక్కింటివాళ్ళ నిచ్చెన తెచ్చుకున్నా దానికి గడువు తేదీ రాసి అతికించేవాడు.

అలాంటి మనిషి ఉన్న ఇంటికి తమ్ముడి కూతురు లీజు కారు తెచ్చింది. ఆమెను ఇంట్లో అందరూ అమ్మడు అని పిలుస్తారు. ఫిజియోథెరపిస్టు. ఇంటింటికీ తిరిగి, వంగని మోకాళ్ళను వంచే పని. కారు లేకపోతే ఆ పనే లేదు. మూడేళ్ళ లీజు: నెలనెలా అద్దె కట్టి, గడువు తీరాక తిరిగిచ్చేసి ఇంకోటి తెచ్చుకోవాలి. పదివేల కిలోమీటర్లకో, ఏడాదికో, ఏది ముందొస్తే అప్పుడు సర్వీసింగ్ చేయించి పుస్తకంలో ముద్ర వేయించాలి. ఒక్క ముద్ర తప్పినా మళ్ళీ కారివ్వరు.

"అంటే ఇది మనది కాదన్నమాట!" పెద్దనాన్న కళ్ళు మెరిశాయి. ఆ సాయంత్రమే సర్వీసు పుస్తకానికి అట్ట వేశాడు.

అమ్మడికి కష్టాలు మొదలయ్యాయి. కారులో బిస్కెట్టు కొరికితే "మనది కాదమ్మా!" తలుపు దబాలున వేస్తే "మనది కాదమ్మా!" సర్వీసింగ్‌కు నెలరోజుల ముందు నుంచే ఫ్రిజ్ మీద, అద్దం మీద, చివరికి ఆమె టిఫిన్ డబ్బా మూత మీద కూడా చీటీలు: 'గడువు సమీపించినది.'

ఆయనకు డ్రైవింగ్ రాదు. అయినా ప్రతి సర్వీసింగ్‌కూ వెళ్ళి మెకానిక్ నెత్తిన కూర్చునేవాడు.

"పేజీలన్నీ సరిగ్గా ఉన్నాయా నాయనా?"

"పేజీలేంటి సార్, ఇవి బ్రేకులు!"

"అవే. చిరిగినవేమైనా ఉన్నాయా?"

మొదట్లో మెకానిక్ జుట్టు పీక్కున్నాడు. రెండో ఏటికల్లా తనే ఎదురొచ్చి, "అన్ని పేజీలూ భద్రంగా ఉన్నాయి సార్" అనడం మొదలుపెట్టాడు.

చివరి సర్వీసింగ్ దగ్గరపడినప్పుడు, అమ్మడు ఒక తాతగారి కాలు పైకెత్తి పట్టుకుని ఉండగా ఫోన్ మోగింది. గడువు గుర్తుచేయడానికి పెద్దనాన్న. అది ఆ పూటకు నాలుగోసారి. ఆమె ఇంటికొచ్చి ఇంతెత్తున లేచింది.

"ఈసారి నేనే చూసుకుంటాను. కారు గురించి ఇక మీరు నోరెత్తొద్దు. ఒట్టెయ్యండి!"

"ఒట్టు" అన్నాడు పెద్దనాన్న, మొహం చిన్నబుచ్చుకుని.

చీటీలు మాయమయ్యాయి. అమ్మడి ప్రాణం ఎంత హాయిగా ఉందంటే, శిక్షణ కోసం వేరే ఊరు రైల్లో వెళ్ళి నాలుగు రోజులుండి వచ్చింది, సర్వీసింగ్ సంగతి శుభ్రంగా మర్చిపోయింది.

గుర్తొచ్చింది ఎప్పుడంటే, కారు తిరిగివ్వాల్సిన రోజు పొద్దున.

"పెద్దనాన్నా, కొంప మునిగింది! చివరి ముద్ర లేదు! ఇక నా పని అయిపోయినట్టే!"

ఆయన పుస్తకం చంకలో పెట్టుకుని కారెక్కాడు. దారిలో రెండుసార్లు నోరు తెరిచి, ఏదో గుర్తొచ్చినట్టు మళ్ళీ మూసుకున్నాడు. ఆమె మాత్రం ఆఫీసు దాకా తనను తానే తిట్టుకుంటూ నడిపింది.

లీజు ఆఫీసరమ్మ పేజీలు తిప్పింది. "ముద్రలన్నీ సకాలంలో ఉన్నాయి. కొత్త కారుకు ఇక్కడ సంతకం చెయ్యండి."

అమ్మడు పుస్తకం లాక్కుని చూసింది. చివరి ముద్ర మీద తను ఊళ్ళో లేని రోజు తేదీ ఉంది.

"ఎలా పెద్దనాన్నా? మీకు నడపడం రాదుగా!"

ఆయన పెదవుల మీద వేలు పెట్టుకున్నాడు.

"అయ్యో రామా! ఒట్టు తీసి గట్టు మీద పెట్టండి!"

పెద్దనాన్న పెద్దగా ఊపిరి వదిలాడు. "మెకానిక్ ఇంటికొచ్చి తీసుకెళ్ళాడమ్మా. నేను వెనక సీట్లో కూర్చున్నాను. చెబుదామంటే నోరెత్తొద్దన్నావాయె. పొద్దుటి నుంచి దవడలు నొప్పెడుతున్నాయి తల్లీ!"

పుస్తకం మూయబోతుంటే చివరి పేజీలో పెద్దనాన్న గుండ్రటి చేతిరాతతో ఒక చీటీ కనిపించింది.

'తరువాతి పాఠకులకు: వాన పడితే ఎడమ కిటికీ మొరాయిస్తుంది. కసురుకోకండి, వేలితో మెల్లగా తట్టండి. వెనక సీట్లో కొత్త గొడుగు ఉంది. మీకోసమే.'

మూడేళ్ళుగా తనను సతాయించింది మొహం కూడా తెలియని ఎవరి కోసమో అని అమ్మడికి అప్పుడు అర్థమైంది. పెద్దనాన్న మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది.

బయటికొచ్చేసరికి వాన దంచి కొడుతోంది. కొత్త కారు ఆవరణకు అటు చివర ఉంది. పాత కారు ఎదురుగానే ఉంది. అమ్మడు అలవాటుగా గొడుగు కోసం అటు అడుగు వేయబోయింది. పెద్దనాన్న చటుక్కున ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

ఆయన నోరు తెరిచేలోపే ఆమె అంది, "మనది కాదు. తెలుసు."

ఇద్దరూ నవ్వుతూ, తడుస్తూ పరుగెత్తారు. కొత్త సర్వీసు పుస్తకం మాత్రం పెద్దనాన్న చొక్కా లోపల పొడిగా ఉంది.