సూదిబెజ్జాలు చెప్పిన కిలోమీటర్లు

వీధి చివర మెట్ల కింద గదిలో కుట్టుమిషను పెట్టుకుని కూర్చునే ఆవిణ్ణి అందరూ యూనిఫారాలావిడ అనే అంటారు. చుట్టుపక్కల నాలుగు బడుల చొక్కాలూ నిక్కర్లూ ఆవిడ చేతిమీదుగా వెళ్ళినవే. చిరుగు చూసిందంటే చాలు, అది మేకు తగిలి చిరిగిందో, గోడ దూకితే చిరిగిందో చెప్పేస్తుంది. గుడ్డ దగ్గర ఆవిడకి అబద్ధం చెప్పడం ఎవరి తరమూ కాదు.

అలాంటి మనిషికి పోయిన నెలంతా కంటిమీద కునుకు లేదు. కారణం మామగారు. ఆయనకి వారానికి మూడుసార్లు డయాలసిస్. ఆస్పత్రేమో ఊరికి ఆ చివర. ఇన్నాళ్ళూ ఆస్పత్రి వ్యానే వచ్చి తీసుకెళ్ళేది, ఉన్నట్టుండి మానేశారు. అద్దెకి ఆటో మాట్లాడుకుంటే అది సగం దారిలో మొరాయించింది. ఇంకోటి వెతుక్కుని వెళ్ళేసరికి ఆయన మంచం మీద ఇంకెవరో పడుకుని ఉన్నారు. రెండు రోజులు ఆగమన్నారు. ఆ రెండు రోజులూ కాళ్ళు పొంగి, ఆయాసంతో వాలలేక, పెద్దాయన గోడకి ఆనుకుని కూర్చునే గడిపాడు. అప్పట్నుంచి ఏ బండెక్కినా ముందు సీటు పట్టుకుని, రెప్ప వాల్చకుండా రోడ్డే చూడటం. "మళ్ళీ ఆగిపోతుందేమోనే అమ్మాయ్" అని కోడలితో గొణగడం.

అందుకే సొంత కారు కొనాలనుకున్నారు. చేతిలో ఉన్నదల్లా రెండో మిషను కోసం ఆవిడ దాచుకున్న డబ్బు. దాంతో కొత్త కారు మాట దేవుడెరుగు, కొత్త కారు తలుపు కూడా రాదు.

ఆవిడ భర్త బల్లలకీ బీరువాలకీ పాలిష్ పెట్టే మనిషి. దుకాణం వ్యాను తోలి తోలి డ్రైవింగ్ బాగానే వంటబట్టింది. అతనికి ఒకటే బలహీనత, మెరిసేది కనబడితే కరిగిపోతాడు. పాత కార్లమ్మే చోట ఒక తెల్ల కారు చూసొచ్చాడు. చూసొచ్చినవాడు ఊరుకున్నాడా? డాష్‌బోర్డు మీద పెట్టడానికి సెంటు సీసా కొని జేబులో వేసుకున్నాడు. ఆదివారం సాయంత్రానికి తెల్ల కారు దిగుతుందని వీధిలో ఇంటింటికీ చెప్పేశాడు.

ఆదివారం పొద్దున్నే ముగ్గురూ వెళ్ళారు.

"నలభై ఒక్క వేలే తిరిగింది సార్. డాక్టరుగారి బండి. ఆదివారాలు తప్ప బయటికి తియ్యలేదు" అన్నాడు అమ్మేవాడు.

"ఒకసారి మెకానిక్కుకి చూపిద్దామండీ" అంది ఆవిడ.

"అద్దంలా మెరుస్తుంటే అతనేం చూస్తాడే? అందులో అతని మొహం చూసుకోవాలి!"

మామగారు వెనక సీట్లోకి వంగి, మోకాళ్ళు పట్టుకుని, "నూతిలోకి దిగినట్టుందిరా" అన్నారు.

"కూర్చుంటే అదే అలవాటవుతుంది నాన్నా."

ఆవిడ కారు ముందు మూత మీద చెయ్యి వేసింది. వెచ్చగా ఉంది. "ఇప్పుడే తిప్పారా?" అంది.

"లేదు మేడమ్, ఎండకి."

కారున్నది రేకుల షెడ్డు నీడలో. ఆవిడ వెళ్ళి డ్రైవరు సీట్లో కూర్చుంది. సీట్లకి నిగనిగలాడే కొత్త కవర్లు. ఊరుకుంటుందా, అంచు పట్టుకుని పైకి లాగింది. లోపల పాత రెక్సిను, దాని మీద కొత్త కుట్టు. కుట్టు పక్కన దారం లేని బెజ్జాల వరస. దాని పక్కన ఇంకో వరస. గుడ్డైతే నాలుగు ఉతుకులకి సూదిబెజ్జం పూడిపోతుంది. రెక్సిను అలా కాదు, ఒకసారి సూది దిగిందంటే ఆ బెజ్జం ఇక పూడదు. సీటు బెల్టు చివరంటా లాగి చూసింది, అంచంతా పోగులు లేచి నూగుగా ఉంది. కింద క్లచ్చు రబ్బరు అరిగి నున్నగా బోడిగుండులా మెరుస్తోంది.

"ఏమండీ, ఒక్కసారి ఇలా రండి. డాక్టరుగారు ఆదివారాలే కూర్చున్నా సీటు రెండుసార్లు కుట్టించుకున్నారు. ఆదివారాలు అంతలా ఏం తొక్కేవారో పాపం!"

"అది ఫ్యాక్టరీ కుట్టు మేడమ్" అన్నాడు అమ్మేవాడు.

"ఫ్యాక్టరీలో వంకర కుట్టేసి, చివర చేత్తో ముడేస్తారా నాయనా?"

అమ్మేవాడు ఫోను చెవికి పెట్టుకుని అటు తిరిగాడు. ఫోను మోగిన చప్పుడైతే ఎవరికీ వినబడలేదు.

భర్త మొహం చిన్నబోయింది. ఆవిడ గొంతు తగ్గించి, "పాతదాన్ని మెరిపించి కొత్తదనిపించడం మీ పనే కదా. మీ పని మీరే పోల్చుకోకపోతే ఎలాగండీ?" అంది. అతను వంగి తలుపు అంచున ఉన్న నల్ల రబ్బరు మీద గోరు గీశాడు. తెల్ల రంగు పెచ్చు గోట్లోకి వచ్చింది. బండికి మళ్ళీ రంగేశారని అర్థమై, "పద" అన్నాడు.

దారిలో మళ్ళీ దిగులు పట్టుకుంది. "వీధిలో ఏం చెప్పనే?"

"తెల్ల కారు ఉతికితే రంగు దిగిందని చెప్పండి."

వెనక నడుస్తున్న మామగారు కూడా నవ్వారు.

అటునుంచటే మెకానిక్కు దగ్గరికి వెళ్ళారు. ఇంజను దగ్గు విని రోగం చెబుతాడని అతనికి దగ్గు డాక్టరని పేరు. సంగతంతా విని, "ఎంత తిరిగిందని కాదక్కా, ఎలా తిరిగిందో చూడాలి. నేను ఎనిమిదేళ్ళుగా చూస్తున్న బండి ఒకటుంది. మీటరు చూసి మూర్ఛపోనంటే చూపిస్తా" అన్నాడు.

మర్నాడు తీసుకెళ్ళి చూపించాడు. మీటరు మీద లక్షా తొంభై ఎనిమిది వేలు! రంగు వెలిసి, ఎండిన మట్టిలా ఉంది బండి. "ఇది బండా, వాళ్ళ తాతగారా?" అని భర్త గొణిగాడు.

దాని సొంతదారు ఊరూరూ తిరిగి కళ్ళు పరీక్షించి అద్దాలిచ్చిన పెద్దమనిషి. "అందరి కళ్ళూ సరిచేశాను, నావే మొండికేశాయమ్మా. ఇక బండి నడపొద్దన్నారు. మీరొస్తున్నారని పొద్దుట్నుంచి స్టార్టు చెయ్యలేదు. చల్లగా ఉన్నప్పుడు చూస్తేనే దాని అసలు సంగతి తెలిసేది. ఏసీ అంతంతమాత్రం. వెనక ఎడమ కిటికీ దిగదు. ముందే చెబుతున్నా" అన్నాడు. పాత కళ్ళజోడు డబ్బాలోంచి రబ్బరు బ్యాండు వేసిన రిపేరు కాగితాలన్నీ తీసి ఆవిడ చేతిలో పెట్టాడు.

ఆవిడ వెళ్ళి సీట్లో కూర్చుంది. కవరు లేదు. రెక్సిను పక్కన అరిగి వెలిసింది, కుట్టు మాత్రం మొదటిదే. పక్కన ఒక్క ఖాళీ బెజ్జం లేదు. రబ్బర్లు అరిగాయి, బెల్టు మెత్తబడింది. అన్నీ ఒకే వయసులో ఉన్నాయి. మీటరు చెప్పేదే సీటూ చెబుతోంది. ఆవిడకి ఒక్కసారి ఊపిరి తేలిగ్గా ఆడింది.

తాళం తిప్పగానే ఇంజను మొదటిసారికే అందుకుంది. ఆవిడ సంచిలోంచి తెల్ల గుడ్డ కత్తిరింపు ముక్క తీసి పొగగొట్టం దగ్గర పట్టుకుంది. కాస్త తడి, చిటికెడు మసి, నూనె మరక లేదు. దగ్గు డాక్టరు నూనె చూశాడు, చెవి పెట్టి విన్నాడు, మలుపుల్లో తిప్పి తెచ్చాడు. "ఇంజను గట్టిది. ముందు టైర్లు రెండూ, ఇంజను బెల్టూ మార్చాలి. అందుకు కొంత పక్కన పెట్టుకోండి. ఏదైనా కొత్త చప్పుడొస్తే మాత్రం వెంటనే ఆపి చూడండి."

ఆ మాట చెప్పి ఆ ఖర్చు ధరలో తగ్గించమంటే కళ్ళద్దాలాయన మారు మాట్లాడకుండా ఒప్పుకున్నాడు. మామగారు వంగకుండానే ఎక్కి, "ఇది బండిలా లేదే, మనింటి కుర్చీలా ఉంది" అన్నారు.

టైర్లూ బెల్టూ మార్పించిన మర్నాడే ఆస్పత్రి ప్రయాణం. రేడియో పెట్టనివ్వలేదు ఆవిడ. ముగ్గురూ పరీక్ష రాస్తున్నవాళ్ళలా చెవులు రిక్కించి కూర్చున్నారు. మామగారు షరా మామూలే, ముందు సీటు పట్టుకుని రోడ్డు మీదే చూపు. వంతెన ఎక్కారు, దిగారు, ఆటో ఆగిపోయిన మలుపు కూడా దాటారు. ఇరవై నిమిషాలు ముందే చేరారు. నర్సు గడియారం చూసి, "ఏం తాతగారూ, రాత్రే వచ్చి గేటు దగ్గర పడుకున్నారా?" అంది.

తిరుగు ప్రయాణంలో సగం దారికొచ్చేసరికి వినబడింది, గర్రుమని. ఆగి మళ్ళీ వచ్చింది. భర్త మొహం పాలిపోయింది. బండి పక్కకి తీసి, ఇంజను ఆపాడు.

"విన్నావా?"

"విన్నానండీ."

మూత ఎత్తి తల లోపల పెట్టాడు. ఇంజను ఆగినా చప్పుడు ఆగలేదు! చక్రాల దగ్గర వంగాడు, కింద చూశాడు. ఏమీ దొరక్క మెకానిక్కుకి ఫోను చెయ్యబోతుంటే ఆవిడ వెనక్కి తిరిగి చూసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

వెనక సీట్లో మామగారు, చేతులు ఒళ్ళో వదిలేసి, తల దిగని కిటికీకి ఆనించి, నోరు తెరుచుకుని గురక పెడుతున్నారు.

"నెల తర్వాత ఇదే మొదటిసారి, బండిలో కన్ను మూయడం" అంది ఆవిడ.

అతను చప్పుడు కాకుండా మూత దించాడు. జేబులోంచి సెంటు సీసా తీసి డాష్‌బోర్డు మీద పెట్టాడు. "ఈ చప్పుడు రిపేరు చేయించొద్దులే" అని, తాళం నెమ్మదిగా తిప్పాడు.