మిగిలిన సున్నం

ప్రొద్దుటూరులో మా పక్కింటివాళ్లు నిన్న డ్రమ్ములో సున్నం తడిపారు. గడ్డలు బుసబుసమని ఉడుకుతుంటే ఆ ఘాటు వాసన కిటికీలోంచి నా కుట్టుమిషను దాకా వచ్చింది. నా చేతిలో గుడ్డ అలాగే ఆగిపోయింది. నిలువుటెండలో మా ఊరి దారి, దారికి చెరోపక్క ఒక రాయి, మధ్యలో బకెట్టు పట్టుకున్న మార్తమ్మ టీచరు కళ్లముందు నిలిచారు. ఆవిడా లేరు, ఆ ఊరూ లేదు. కొండాపురం దగ్గర రిజర్వాయరు నీళ్ల కింద ఉంది.

మా ఊళ్లో మనిషిని నరికిన చోట రాయి పాతేవాళ్లు. ఎడమ రాయి మా నాన్నది. కుడి రాయి అంతకు రెండేళ్ల ముందు పోయిన అవతలి వర్గం ఓబులేసుది. ఓబులేసును నరికినవాళ్లలో మా నాన్న ఉన్నాడని ఊరంతా అనేది, మా ఇంట్లో మాత్రం ఎవరూ అనేవారు కాదు. మిట్టమధ్యాహ్నం ఆ దారిన కుక్క కూడా నడవదు. ఆ వేళకు చచ్చినవాళ్లు నీళ్లడుగుతారని చెప్పుకునేవారు. నవ్వితే నవ్వండి, ఎండిన గొంతు అడిగినట్టు నేనూ ఒకసారి విన్నాను.

మార్తమ్మ గారు మా బడి టీచరు. ఊళ్లో ఉన్న నాలుగిళ్ల క్రైస్తవులు ఏటా సమాధుల పండుగకు తమవాళ్ల సమాధులకు సున్నం కొట్టి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగించేవారు. టీచరు తన భర్త సమాధికి కొట్టాక బకెట్టుతో ఈ రాళ్ల దగ్గరికి వచ్చేవారు, ఎవరూ రాని ఆ మధ్యాహ్నం వేళే. పెద్దమనుషులు కోప్పడితే, “సున్నం మిగిలింది లేప్పా, పారబోసేదెందుకు?” అనేవారు.

ఒకసారి ధైర్యం చేసి వెంట వెళ్లాను. ఆవిడ ఓబులేసు రాయికి పూస్తుంటే నాకు ఒళ్లు మండింది.

“వాళ్లు మా నాయనను చంపినోళ్లు! దానికెందుకు పూస్తాండావు టీచరమ్మా?”

“నీ నాయన పోయేనాటికి ఈయప్ప మట్టిలో ఉండాడు మే. ఈయప్ప ఎట్ల చంపుతాడు?” చెయ్యి ఆపకుండానే అన్నారు. “ఈ సీమ దెబ్బలు తిన్న ఒళ్లు మాదిరి అయిపోయింది. యాడ తాకినా నొప్పే. పగోని కోసం గూడా ప్రార్థన చేయమన్నాడు యేసయ్య. చేస్తాండా. చేతులు ఊరికే ఉండలేక ఇదీ చేస్తాండా.”

మా ఇంట్లో ట్రంకుపెట్టెలో నాన్న చొక్కా ఉండేది. పోయిననాటిది, ఉతకనిది. సంవత్సరీకం నాడు అమ్మ దాన్ని తీసి అన్న భుజాలకు ఆనించి కొలిచేది. నెత్తురు అట్టకట్టిన గుడ్డ విప్పుతుంటే చిటపటమనేది. “ఇది నీకు సరిపోయిన ఏడే ఓబులేసు కొడుకును లేపేయాల. గుర్తుండాది గదరా?” అనేది. అన్నకు పదహారేళ్లు వచ్చిన ఏడు, భుజం దగ్గర రెండు వేళ్ల ఎడమే మిగిలింది. నాకు అన్నం సయించలేదు. అమ్మ పొలానికి పోయినప్పుడు చొక్కా దొంగిలించి టీచరుకు ఇచ్చేశాను.

సాయంత్రం ఆవిడే తెచ్చారు, తడి చొక్కా.

“ఉతికినా లక్షుమ్మా. తప్పు నాది. పాపను ఏమీ అనాకు.”

అమ్మ ఆవిడ చెంప చెళ్లుమనిపించింది.

“ఇంగా కొట్టు. నీ కొడుకు బతికుంటే చాలు నాకు.”

అమ్మ చొక్కా మొహానికి అదుముకుంది. సబ్బు వాసన తప్ప నాన్న వాసన లేదు. అప్పుడు ఏడ్చింది చూడండి, నాన్న శవం మీద కూడా అలా ఏడవలేదు. మర్నాడు టీచరు అన్నను ప్రొద్దుటూరు తీసుకెళ్లి మెకానిక్ షాపులో పెట్టారు. అమ్మ అడ్డు చెప్పలేదు, కానీ ఆవిడతో మళ్లీ మాట్లాడనూ లేదు. తర్వాత నీళ్లు వచ్చాయి. అందరం ముంపు ఊళ్లవాళ్లకు కట్టిన కాలనీకి మారాం. టీచరు అక్కడే కన్నుమూశారు.

పోయిన ఎండాకాలం నీళ్లు తగ్గాయని అన్నా నేనూ ఊరు చూడబోయాం. ఇళ్లు లేవు. నెర్రెలిచ్చిన బురదలో ఆ రెండు రాళ్లే నిలబడి ఉన్నాయి, రెండూ తెల్లగా. ముట్టుకుంటే వేలికి తడి సున్నం అంటింది. చుట్టూ మనిషి జాడ లేదు. గాలి కూడా లేదు.

“టీచరమ్మ వచ్చిపోయింది మే,” అన్నాడు అన్న. ఆరడుగుల మనిషి, నా చెయ్యి పట్టుకున్నాడు. నేను వెనక్కి తిరిగి చూడకుండా నడిచాను.

కాలనీలో అమ్మ అన్నం వడ్డిస్తోంది. ఆమె వేళ్లు సున్నానికి ఒరుసుకుపోయి ఉన్నాయి. గోళ్లలో తెలుపు.

“ఏంది అట్ల చూస్తాండావు? తిను.”

“రెండిటికీ పూసినావామ్మా?”

అమ్మ నా కంచంలో పప్పు వేస్తూ అంది.

“టీచరమ్మ సమాధికి కొట్టంగా మిగిలింది మే. పారబోసేదెందుకు?”

నిన్న పక్కింటావిడను నాలుగు గడ్డల సున్నం అడిగి పెట్టుకున్నాను. అమ్మకు మోకాళ్లు పట్టేశాయి. ఈసారి బకెట్టు నేను మోస్తాను.