ఎడమకు తిరిగిన కర్ర చప్పుడు

దెయ్యాల సంగతి చెప్పేవాళ్లందరూ ఏదో ఒకటి చూశామంటారు. నాకు నాలుగో ఏట తట్టు సోకి రెండు కళ్లూ పోయాయి. చూసిన గుర్తంటూ ఒక్కటీ లేదు. అందుకే తెల్లచీరలూ, కిటికీలో మొహాలూ నన్నెప్పుడూ భయపెట్టలేదు. హాస్టల్లో తోటిపిల్లలు అలాంటి కథలకు వణికిపోతుంటే నేను నవ్వేవాణ్ణి. చెవికీ చేతికీ దొరికిందే నిజమనుకుంటూ నలభై ఏడేళ్లు వచ్చేశాయి. ఇప్పుడు చెప్పేది నా చెవికి దొరికిందే. నా ఇబ్బందల్లా అదే.

అనకాపల్లిలో చూపులేని పెద్దవాళ్లకు శిక్షణ ఇచ్చే చిన్న కేంద్రంలో పని చేస్తున్నాను. పొద్దున బ్రెయిలీ నేర్పుతాను. ఆ తర్వాత తెల్లకర్రతో, ఎవరి సాయం లేకుండా రోడ్డు మీద నడవడం.

రెండేళ్ల కిందట మాకవరపాలెం దగ్గరి పల్లె నుంచి నూకరత్నం వచ్చింది. చెరకు రైతు కుటుంబం. ముప్పై ఏళ్లుంటాయి. నీటికాసుల జబ్బుతో చూపు మొత్తం పోయింది. ఆరేళ్ల కూతుర్ని బడికి దింపబోయి ఒకసారి ఇద్దరూ లారీ కిందికి వెళ్లబోయారట. ఆ రోజే ఆమె భర్త అప్పారావు పిల్లను తన అక్కగారింటికి పంపేశాడు. "నువ్వొక్కద్దానివీ రోడ్డు మీద నడిసి సూపించు. ఆ రోజే పిల్లని తెచ్చేత్తాను" అన్నాడట. ఆ మాట పట్టుకుని మా దగ్గరికి వచ్చింది.

నాలుగు నెలలు కష్టపడింది. మొదట్లో బ్రెయిలీ చుక్కలు వేలికి అందక ఏడ్చేది. కర్ర మాత్రం త్వరగా పట్టుబడింది.

ఒంటరి నడక పరీక్ష పెట్టింది చలికాలంలో, ఉదయం పది గంటలకు. బెల్లం సీజను. కేంద్రం గేటు నుంచి మెయిన్ రోడ్డు మీది టీకొట్టు దాకా ఆమె ఒక్కతే వెళ్లాలి. దారి పొడుగునా కుడివైపు గోడ, ఎడమవైపు రోడ్డు, కాళ్ల కింద మురుగుకాలవ మీద పరిచిన సిమెంటు పలకలు. ముందురోజు సాయంత్రం ఆ పలకలన్నీ నేనే తట్టి చూసుకున్నాను.

చూస్తానని అప్పారావు వచ్చి టీకొట్టు దగ్గర నిలబడ్డాడు. నేను ఆమెకు పదిహేను అడుగుల వెనక నడిచాను. అలా నడిచేటప్పుడు నా కర్ర నేలకు తాకించను, మాట్లాడను. చేయి గోడకు రాసుకుంటూ, ఆమె కర్ర చప్పుడు వింటూ వెళతాను.

మా కర్రలు అల్యూమినియంవి, కొసన నైలాన్ ముక్క ఉంటుంది. చప్పుడు చిన్నగా, పొడిగా ఉంటుంది. రైసుమిల్లు గోడ దాటాక దానికి ముందు ఇంకో చప్పుడు మొదలైంది. కొసకు ఇనప పొన్ను తొడిగిన వెదురుకర్ర. నా చిన్నప్పుడు అలాంటి కర్రలే ఇచ్చేవారు. ఇప్పుడెవరూ వాడరు.

ఎదురుగా ఎవరో ముసలాయన వస్తున్నాడనుకున్నాను. కానీ అది ఎదురు రావడం లేదు. ఆమెకు నాలుగైదడుగుల ముందు, ఆమె నడకతో సమానంగా, మేము వెళ్లే వైపే వెళుతోంది. చెవి పెట్టి విన్నాను. కర్ర చప్పుడే తప్ప కాళ్ల చప్పుడు లేదు.

ఆ కర్ర ఒకచోట ఆగింది. అక్కడే మూడుసార్లు కొట్టింది. తర్వాత ఎడమకు తిరిగింది. నూకరత్నం కర్ర ఆగి, అదీ ఎడమకు తిరిగింది. రెండూ రోడ్డు అంచు వెంట కొంత దూరం వెళ్లాయి. తర్వాత ఒక్కటే మిగిలింది.

నా కర్ర దించాను. కొన్ని అడుగులు వేశానో లేదో కొస కిందికి జారిపోయింది. మోకాళ్ల మీద కూర్చుని చేత్తో తడిమాను. రెండు పలకలు లేవు. కర్ర దించి చూస్తే లోతు నా ఛాతీ దాకా ఉంది. అంచున విరిగిన సిమెంటులోంచి ఇనప చువ్వలు పొడుచుకొచ్చి ఉన్నాయి. భయం లేదు వెళ్లమ్మా అని నేను పంపిన దారి అది.

అప్పారావు పరుగెత్తుకొచ్చి నా రెక్క పట్టుకున్నాడు. పొద్దున కూలీలు పలకలు తీసి, అడ్డం ఏదీ పెట్టకుండా వెళ్లిపోయారట. ఆమె ఆ గోతి దగ్గరికి వచ్చేదాకా అతనూ గమనించలేదు.

"కేకెయ్యబోతన్నాను మాస్టారూ. ఇంకా నాలుగడుగులుండగానే ఇది ఆగిపోనాది."

మా కర్ర కొస మనిషికి ఒకటి రెండడుగుల ముందు దాకే అందుతుంది, నాలుగడుగుల అవతలి గొయ్యి దానికి తెలియదు. ఆమె ముందు ఎవరున్నారని అడిగాను.

"ఎవురూ నేరండి. ఎనక మీరే."

నూకరత్నంతో ఏమీ మాట్లాడకుండా కేంద్రానికి తీసుకొచ్చి, బ్రెయిలీ పలక ఇచ్చి, జరిగింది రాయమన్నాను. ఇంకో బల్ల దగ్గర కూర్చుని నేనూ రాశాను. తర్వాత ఆమె కాగితం మీద వేలు పెట్టాను. తప్పులున్నా అర్థమవుతూనే ఉంది. ముందర ఇనప కర్ర నడిచింది, మూడుసార్లు కొట్టింది, ఎడం చేతివైపు తిరిగింది, మాస్టారే అనుకున్నాను.

"నేను వెనకున్నానమ్మా" అన్నాను.

"మరయితే ఎవురండీ?" అంది.

కూలీల గునపం చప్పుడేమో అనుకున్నాను. కూలీలే లేరు. తెరిచిన కాలవ వాసనకు నూకరత్నం ఆగిందేమో అనుకున్నాను. ఆమెకు ఆ వారమంతా జలుబు. ఆ వీధిలో పాతవాళ్లను అడిగాను. అలాంటి కర్రతో తిరిగిన చూపులేని మనిషెవరూ వాళ్ల ఎరుకలో లేరు. నెలరోజులు అదే వేళకు అదే దారిన నడిచాను. ఏమీ వినపడలేదు.

అప్పారావు మాట నిలబెట్టుకున్నాడు. ఇప్పుడు పిల్లను రోజూ నూకరత్నమే బడికి దింపుతోంది.

ఏడాది తర్వాత అతను మార్కెట్‌కు బెల్లం తెచ్చి, మా కేంద్రానికి వచ్చాడు.

"మాస్టారూ, ఆ వేళ మీకో మాట సెప్పనేదు. మా నూకరత్నం ఎడం పక్కకి తిరిగి నా వేపు వత్తంది గదా. ఇంకా అయిదారడుగుల దూరముంది. నాను పక్కకి తప్పుకున్నాను."

భార్యకు దారి ఇచ్చి ఉంటావులే అన్నాను.

"దానికి కాదండి. దాని ముందరొచ్చినోడికి. సూత్తే ఎవురూ నేరు. మరి నా కాలెందుకు కదిలిందో తెల్దు."

అతనికి రెండు కళ్లూ చక్కగా కనపడతాయి. ఆ రోజు పట్టపగలు, ఎండ కాస్తోంది.

దెయ్యాలను నమ్ముతావా అంటే ఇవాళ్టికీ లేదనే అంటాను. ఆ ఉదయం నూకరత్నం ముందు నడిచిందేమిటని అడిగితే మాత్రం, నాకు తెలియదు.