వెనక బెంచీలో నీవెస్

ఇటలీలోని బొలోన్యా విశ్వవిద్యాలయంలో రాజ్యాంగ చట్టం మౌఖిక పరీక్ష అందరి ముందే జరుగుతుంది. వెనక బెంచీలో ఒళ్లో టోపీ పెట్టుకుని రోజూ కూర్చునే అరవై ఏళ్ల నీవెస్ కూడా విద్యార్థినే. ఎవరిని ప్రశ్న అడిగినా ఆమె పెదవులు కదులుతాయి. జవాబు తప్పితే పన్ను సలిపినట్టు చెంప పట్టుకుంటుంది. నచ్చని మార్కులు వద్దని మళ్లీ పరీక్షకు వచ్చే వీలుంది కనుక, విషయం పూర్తిగా అర్థం కాలేదంటూ రెండుసార్లు వద్దంది. ఈసారీ వద్దంటే ఏడాది పోతుంది.

ఆమె వంతు వచ్చినప్పుడు ప్రొఫెసర్, "రాజ్యాంగంలో దేన్నయినా సవరించవచ్చా?" అని అడిగాడు. "గణతంత్రాన్ని మాత్రం ముట్టుకోకూడదండీ," అంది నీవెస్. అక్కడితో ఆగలేదు. "మరి, ముట్టుకోకూడదన్న ఆ అధికరణాన్నే ముందు తీసేస్తే?" గదంతా నవ్వింది. ప్రొఫెసర్ కళ్లద్దాలు తుడుచుకున్నాడు. "దాని మీద పండితులు ఇంకా కొట్టుకుంటూనే ఉన్నారమ్మా. ముప్పైకి ఇరవై ఏడు. ఈసారైనా తీసుకుంటారా, మళ్లీ నా ప్రాణం తీస్తారా?" నీవెస్ టోపీ అంచు నలిపి నలిపి, చివరికి "తీసుకుంటాను," అంది.

మర్నాడు ఆమె మళ్లీ వెనక బెంచీలోనే ఉంది. "మీది గట్టెక్కిందిగా పెద్దమ్మా, ఇంకా ఇక్కడేం పని?" అంది పక్కనున్న అమ్మాయి. "ఉష్!" అంటూ నీవెస్, ప్రొఫెసర్ ఎదుట కూర్చున్న కుర్రాడి వైపు ముందుకు వంగింది. "అతన్నీ నన్నడిగిన ప్రశ్నే అడిగారు."