ఒక బెత్తెడు కుడికి

మా పక్కింటి పెద్దాయన పోయిన మంగళవారం తెల్లవారుజామున నిద్రలోనే వెళ్ళిపోయారు. ఎనభై ఏడేళ్ళు. కబురు చెప్పడానికి వాళ్ళమ్మాయి కంచె దగ్గరికి వచ్చేసరికి నేను బట్టలు ఆరేస్తున్నాను.

"ఆంటీ, డాడ్ పోయారు. పెరట్లో గాలిమర సంగతి మీకు తెలుసనేవారు. ఎటు తిప్పాలో నాకు తెలీదు, మీరు వస్తారా?" అంది. ఆ ఇంటివాళ్ళతో మాటలన్నీ ఇంగ్లీషులోనే. తెలుగులో రాస్తున్నది నేను.

ఆ సంగతి నాకెలా తెలిసిందో చెప్పాలి. అందులో నా తప్పుంది.

ఆయన పుట్టింది బెల్జియంలోని ఒక పాత పట్నంలో. ఆ ఊరి కోటగోడ కట్ట మీద ఒకప్పుడు వరసగా గాలిమరలు తిరిగేవట; ఇప్పుడు నాలుగే మిగిలాయి. వాళ్ళ నాన్న అలాంటి మరలోనే ఊరికి పిండి ఆడేవారు. ఈ దేశానికొచ్చి, మా పాయింట్ కుక్‌ పేటలో ఇల్లు కొన్నాక ఈయన మా కంచె పక్కనే మనిషెత్తు చెక్క గాలిమర కట్టుకున్నారు. రోజూ ఏడింటికి బయటికొచ్చి, దాని ముఖం గాలికి ఎదురుగా తిప్పేవారు. ఏడుంబావు కావడం నేనెన్నడూ చూడలేదు.

నేను కొన్న చపాతీ పిండి చిటికెడు తీసుకుని, బొటనవేలితో రుద్ది, "ఆడేటప్పుడు రాయి వేడెక్కింది, చపాతీలు గట్టిగా వస్తాయి" అనేవారు. నమ్మక రాసిపెట్టుకుని మరీ చూశాను. ఏడుసార్లలో ఆరుసార్లు ఆయన మాటే నిజమైంది. ఏడోసారి నేనే నీళ్ళు ఎక్కువ పోశానేమో.

వంకరగా ఉన్నది కనిపిస్తే నా చెయ్యి ఊరుకోదు. మూడేళ్ళ కిందట ఒకనాడు మర ఆపి, తాడుతో కట్టి ఉంది. కింది రెక్క నిలువుగా లేదు, కుడికి ఒరిగి ఉంది. కంచె మీంచి చెయ్యి చాచి, తాడు సడలించి నిటారుగా కట్టాను. మర్నాడు మళ్ళీ కుడికే. మళ్ళీ సరిచేశాను. మూడోనాడు, ముడి జారుతోంది కాబోలని, ఆ జారుడుకి సరిపడా ఎడమకు ఒక బెత్తెడు ఎక్కువే జరిపి బిగించాను.

"అమ్మమ్మా, స్టాప్ ఫిక్సింగ్ పీపుల్స్ స్టఫ్!" అని అరిచింది మనవరాలు.

"వంకరగా ఉంటే చూస్తూ కూర్చోమంటావుటే?"

సాయంత్రం పెద్దాయన వచ్చారు. "నా మర సరిచేస్తున్నది మీరేనా?"

"నేనే. మీ ముడి వదులు."

"ముడి గట్టిదే. రోజూ తిప్పుతున్నది నేను. మా తమ్ముడు పోయాడు. మా ఊళ్ళో ఆపిన మర కింది రెక్క నిలువుగీత దాటి కుడికి ఆగితే, ఆ ఇంట్లో చావు. ఇంకా దాటకుండా ఎడమనే ఆగితే పెళ్ళో, పురుడో. ఇవాళ మీరు వాడికి పెళ్ళి చేశారు."

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. ఆయనే నవ్వారు. "వాడికి మూడయ్యాయి లెండి. నాలుగోదైనా కాదనడు."

తర్వాత నెమ్మదిగా చెప్పారు. తండ్రి పోయినప్పుడు గోడ మీది మరలన్నీ రెక్కలు ఒరిగించి నిలిచాయట. ఈయన అప్పటికే ఈ దేశంలో ఉన్నారు, చూడలేకపోయారు. "నా వంతుకి ఈ ఒక్కటైనా సరిగ్గా నిలవాలి. మా అమ్మాయికి గుర్తుండదు. మీరు తప్పని తెలిశాక మళ్ళీ చెయ్యరు. అంత్యక్రియలు కాగానే విప్పెయ్యండి. మర ఉన్నది తిరగడానికి."

మంగళవారం నేను గేటులోంచే వెళ్ళాను. గాలి విసురుగా ఉంది. కింది రెక్కను రెండు చేతులా పట్టి ఆపాను. ఎడమకు ఆగితే ఆయన చావుకి పండగ చేసినట్టే. గీత దాటించి, అరచెయ్యి అడ్డంపెట్టి కొలిచి, కుడికి సరిగ్గా ఒక బెత్తెడు దగ్గర కట్టాను. ఆ తమ్ముడి నాలుగో పెళ్ళి గుర్తొచ్చి నవ్వొచ్చింది; కళ్ళూ తడిశాయి.

"కరెక్టేనా ఆంటీ?"

"కరెక్టే." ఒక వస్తువును వంకరగా నిలబెట్టి ఆ మాట అనడం నా జన్మలో అదే మొదలు.

శనివారం అంత్యక్రియలయ్యాక తాడు విప్పాను. వాళ్ళమ్మాయి ఇల్లు అమ్మడం లేదు. ఏడింటికి మర ముఖం తిప్పే పని నాకిచ్చింది.

ఇవాళ గాలి పడిపోయింది. రెక్కలు తిరిగి తిరిగి వాటంతటవే ఆగాయి. కిందిది ఎడమకు, కాస్త ఒరిగి. బట్టల బుట్ట దించి చాలాసేపు చూశాను. చెయ్యి చాచలేదు.