కోళ్ల బండికి ఎర్రజెండా

మా జయరావుగారికి ఒకటే పిచ్చి. ప్రాణమున్నది ఏది బండెక్కినా అది ప్యాసింజరే అనేవారు. ఆయన కిరందుల్ లైనులో ఇనుపరాయి మోసే గూడ్సుకు గార్డుగా చేసి, సర్వీసంతా ఒక్క ప్యాసింజరునూ ఎరగని మనిషి. రిటైరయ్యాక ఆ కొరతంతా మా గనుల ఊరు బచేలి బజారుకొచ్చే కోళ్ల మీద తీర్చుకున్నారు. నాది చికెన్ దుకాణం కాబట్టి ఆ తాకిడి ముందు నాకే తగిలింది.

బ్రాయిలర్ కోళ్లను డబ్బాల్లో కుక్కి తేకూడదని, లేచి నిలబడే చోటు, తాగడానికి నీళ్లు ఉండాలని సర్కారు ఆర్డరొచ్చింది. ఆఫీసువాళ్లు దాన్ని గోడకు అంటించి చేతులు దులుపుకున్నారు. జయరావుగారు వెళ్లి, జీతం లేకుండా ఆ తనిఖీ పని అడిగి తెచ్చుకున్నారు. ఆదివారం తెల్లప్యాంటు వేసుకుని, పాత జెండాలు చంకన పెట్టుకుని బజారు మొగలో నిలబడ్డారు.

జగదల్‌పూర్ నుంచి బుధ్రాం నడుపుకొచ్చే కోళ్ల వ్యాను కనబడగానే ఎర్రజెండా ఎత్తారు. మా ఊళ్లో ఎర్రజెండా అంటే కొండ మీద రాయి పేలుస్తున్నారని అర్థం. వ్యాను ఆగింది, దాని వెనక కంపెనీ బస్సు ఆగింది. టీకొట్టు బంగారురాజు మరిగే పాలు వదిలేసి బల్ల కిందికి దూరాడు. అందరూ చెవులు మూసుకుని కూర్చుంటే, ఆయన తీరిగ్గా డబ్బా డబ్బాకీ వంగి చూసి, ఓవర్‌లోడని తేల్చారు. తాను తెచ్చిన వెదురు గంపల్లోకి కోళ్లను సర్దించాకే పచ్చజెండా ఊపారు.

నాకు ఒళ్లు మండింది. "గంటలో కూరయ్యేటియి సార్. వీటికి ఈ మర్యాదలేంది?" అన్నాను.

"కూరవడం తరవాత సంగతి బాబూ. దిగీవరకూ ప్యాసింజర్లే గదా. నువ్వు విశాఖపట్నం దాకా ఒంటికాలి మీద నిలబడి ఎళ్తావేటి?"

ఆయన కోడి ముట్టరేమో అనుకునేరు. తొడముక్కలు ఏరి పట్టుకెళ్లేది ఆయనే.

ప్రతి ఆదివారం ఇదే తంతు. ఆయన్ని తిట్టనివాడు లేడు. అందరికన్నా గట్టిగా తిట్టేది బుధ్రాం. ఫోనులో తన సేఠ్‌కు వినబడేలా, స్టీరింగు బాదుతూ తిట్టేవాడు. బేరం పోతోందని సేఠ్ విసిగిపోయి, చివరికి డబ్బాలు పెంచాడు, నీళ్ల గిన్నెలు పెట్టించాడు.

"నీకు పీడ వదిలింది కదా," అన్నాను బుధ్రాంతో. వాడు నవ్వాడు.

"కోళ్లు ఘాట్ రోడ్డు మీద ఊపిరాడక చస్తుంటే చూడలేక డబ్బాలు పెంచమని సేఠ్‌ను నేనే అడిగిన అన్నా. మళ్లా అడిగితే నౌకరీ ఉండదన్నడు. జయరావు సార్‌కు చెప్పుకున్న. ఆయనేమో నువ్వు అడగొద్దు, నేను బండి ఆపుతా, నువ్వు నన్ను తిట్టు అన్నడు. తిట్లు చాలకపోతే ఆయనే చెవిలో అందించిండు."

ఊరందరి తిట్లూ నెత్తినేసుకుని ఒక డ్రైవరు నౌకరీని, అన్ని కోళ్ల ఊపిరిని నిలబెట్టిన మనిషిని నేను పిచ్చివాడనుకున్నాను. చేతులెత్తి మొక్కాలనిపించింది.

మరుసటి ఆదివారం వ్యానులో అన్నీ సవ్యంగా ఉన్నాయి. బుధ్రాం ఆయనకు వంగి నమస్కారం పెట్టాడు. జయరావుగారు కంగారుగా కిటికీ దగ్గరకెళ్లి గొంతు తగ్గించారు.

"ఏరా, ఈవారం తిట్టలేదేటి? మీ సేఠ్‌కి అనుమానం రాదూ?"

బుధ్రాం సేఠ్‌కు ఫోను కలిపి పక్కన పెట్టుకుని, రెండు చేతులూ జోడించి, నోరారా తిట్టాడు.