మొయిన్ రాసే ఒక్క వాక్యం

ప్రొద్దుటూరులో మేడమీది గదిలోంచి పుణె కంపెనీకి ప్రోగ్రాములు రాసే మొయిన్, పని ముగించిన ప్రతిసారీ మెటికలు విరుచుకుని, జట్టు చేసే మార్పులన్నీ నమోదయ్యే గిట్‌లో ఏం మార్చాడో ఒక వాక్యం రాసి పంపుతాడు. జట్టులో తెలుగు తెలిసినవాళ్లు లేరన్న ధీమాతో, దాని పక్కనే ఇంగ్లీషు అక్షరాల తెలుగులో కడుపులో ఉన్నదంతా కక్కేస్తాడు. కొత్త మేనేజరుగా శిల్ప వస్తోందని తెలిసిన నాడు, "ఈయమ్మ ఇంకెంత సతాయిస్తాదో" అని రాశాడు.

ఇవాళ శిల్ప ఫోన్ చేసింది. "మాది పులివెందులప్పా," అంది. మొయిన్ చెయ్యి గబుక్కున కీబోర్డు మీదికి పోయి, అక్కడే ఆగిపోయింది. తన దగ్గర తుడిచేసినా, పంపిన వాక్యాలన్నీ జట్టులో ప్రతి కంప్యూటర్లోనూ నకళ్లుగా ఉన్నాయి. శిల్ప కంప్యూటర్లో కూడా. "ఈయమ్మ ఏం సతాయించదులే. ఈ పొద్దు చేసింది పంపు, చూస్తాంటా," అందామె.

పని ఎప్పుడో అయిపోయింది. మొయిన్ మెటికలు విరుచుకున్నాడు. వాక్యం రాయాల్సిన చోట కర్సరు మినుకుమంటోంది. అతనికి ఏ భాషా రావడం లేదు.